రిక్ వేక్‌మన్ సోలో ఆల్బంలు: తొంభై పైచిలుకులోంచి ఐదు ఎంచాలంటే ఏవి?

#1 — తానపురా

'ఫ్రాజైల్' (1971), 'క్లోజ్ టు ది ఎడ్జ్' (1972) విని ఇంగ్లిష్ రాక్ బృందం యెస్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్ళు ఈ వేదికలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ బృందంలో కీబోర్డు వాయించిన రిక్ వేక్‌మన్ సొంతంగా చేసినవాటిలో ఏది వినాలి? పేర్ల పట్టిక తెరిస్తే తొంభైకి పైగా ఆల్బంలు. వాటిలో సినిమా సంగీతం, ఒంటి పియానో, భక్తి సంగీతం, పాతవాటికి కొత్త రికార్డింగులు, కచేరీలు అన్నీ కలిసి ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఏదో ఒకటి నొక్కి, నచ్చక, అక్కడే వదిలేస్తున్నారు.

అందుకే ఐదింటి పట్టిక తయారు చేద్దాం. పేరు చెప్పేవాళ్ళు మూడు సంగతులు రాయండి: ముందు వినాల్సిన ట్రాక్, ఏ రికార్డింగో గుర్తుపట్టే ఆనవాలు, ఆ ఆల్బంలో లోపం. లోపం రాయకపోతే పొగడ్తగా మిగిలిపోతుంది, కొత్తగా వినేవారికి ఉపయోగపడదు.

నా ముసాయిదా: 'ది సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' (1973), 'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్' (1974), 'ది మిత్స్ అండ్ లెజెండ్స్ ఆఫ్ కింగ్ ఆర్థర్' (1975), 'వైట్ రాక్' (1977), 'క్రిమినల్ రికార్డ్' (1977). వరుస మాత్రం ఇంకా తేల్చలేదు.

#2 — మూడు_ఆసిలేటర్లు

నా లెక్కలో మొదటి స్థానం 'సిక్స్ వైవ్స్'దే. పాట లేదు, కథ చెప్పే గొంతు లేదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు రాణుల పేర్లతో ఆరు వాద్యరచనలు, మొత్తం 37 నిమిషాల లోపే.

దీని గొప్పతనం పట్టుబడాలంటే అప్పటి వాద్యాలు ఎంత మొండివో తెలియాలి. మినీమూగ్ అనే సింథసైజర్‌కు (విద్యుత్తుతో ధ్వని పుట్టించే కీబోర్డుకు) 44 మెట్లు, ధ్వని పుట్టించే ఆసిలేటర్లు మూడు, కానీ ఒకసారికి పలికేది ఒక్క స్వరమే. రెండు మెట్లు కలిపి నొక్కితే కింది స్వరానిదే పెత్తనం. కింది మెట్టు మీద వేలు ఇంకా ఉండగా పై మెట్టు నొక్కారనుకోండి, పైది పలకదు. పైకి ఎగబాకే వేగమైన వరసలో ఏ వేలు ఆలస్యంగా లేచినా ఒక స్వరం మాయమవుతుంది. వేక్‌మన్ మూగ్ వరసలు ముత్యాలు గుచ్చినట్టు విడివిడిగా వినిపించడానికి ఆయన వేళ్ళ శుభ్రత ఎంత కారణమో, ఆ యంత్రం పెట్టే షరతూ అంతే కారణం.

పైగా దానికి జ్ఞాపకం లేదు. ఒక ధ్వని కోసం నాబులన్నీ తిప్పి పెట్టుకున్నాక, ఇంకో ధ్వని కావాలంటే మళ్ళీ అన్నీ తిప్పాలి. పాట మధ్యలో అది కుదరదు కనుక రెండో మినీమూగ్ కావాల్సొచ్చింది. ఈ ఆల్బం అట్ట లోపల ఆయన చుట్టూ ఉన్న కీబోర్డుల వరస ఆడంబరమని కొందరంటారు. ఒక్కో ధ్వనికి ఒక్కో పెట్టె అవసరమైన రోజులవి.

మెలొట్రాన్ సంగతి ఇంకోలా ఉంటుంది. 400 మోడల్‌లో 35 మెట్లు, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు పట్టీ. నొక్కితే టేపు కదులుతుంది, దాని మీద రికార్డయిన వయొలిన్లో బృందగానమో పలుకుతుంది. హార్మోనియంలో తిత్తి ఆడినంతసేపూ స్వరం నిలుస్తుంది. ఇక్కడ సుమారు 8 సెకన్లకు టేపు అయిపోతుంది, మెట్టు వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే 8 సెకన్ల లోపే స్వరసముదాయం మారేలా రచన చెయ్యాలి. ఒకేసారి చాలా మెట్లు నొక్కితే మోటారు మీద బరువు పడి శ్రుతి కాస్త దిగుతుంది కూడా.

ముందు వినాల్సింది 'కేథరిన్ ఆఫ్ ఆరగాన్'. నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. బేస్ గిటార్ క్రిస్ స్క్వయర్, డ్రమ్స్ బిల్ బ్రూఫర్డ్, గిటార్లలో స్టీవ్ హౌ, అంటే దాదాపు యెస్ బృందమే. ఇది 'హ్యాండిల్ విత్ కేర్' అనే పేరుతో 'ఫ్రాజైల్' కోసం అనుకున్న రచన. వేక్‌మన్ ఒప్పందం ఒక కంపెనీతో, బృందం ఒప్పందం ఇంకో కంపెనీతో ఉండటం వల్ల ఆయన సొంత రచన అందులోకి పోలేదు. ఆ జాగాలో బ్రామ్స్ సింఫనీ ముక్క వాయించాడు.

రెండోది 'జేన్ సీమోర్'. లండన్‌లో క్రిపుల్‌గేట్ దగ్గరి సెయింట్ జైల్స్ చర్చి ఆర్గన్ మీద వాయించినది.

లోపం: 'ఆన్ ఆఫ్ క్లీవ్స్' దాదాపు 8 నిమిషాలు. అలన్ వైట్ డ్రమ్స్ అదరగొడతాడు గానీ, పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళే స్వరవాక్యం అందులో దొరకదు.

#3 — గోల్కొండ_గ్రూవ్

అందరు 'సిక్స్ వైవ్స్'నే పైన పెడ్తరు. నేను 'క్రిమినల్ రికార్డ్' పెడ్త. చార్టుల లెక్క పక్కన పెట్టుండ్రి. ఇంగ్లండ్‌ల 'జర్నీ' 1వ స్థానం, 'సిక్స్ వైవ్స్' 7, ఇది 25. కానీ 1977 నవంబర్ నాటికి అక్కడి పత్రికల గాలే మారిపోయింది, పంక్ అనే మోటు రాక్ వచ్చింది. ఆల్బంల తప్పేం లేదు.

ఇది స్విట్జర్లాండ్‌ల మోంత్రోలోని మౌంటెన్ స్టూడియోస్‌ల తయారైంది. అంతకుముందే వేక్‌మన్ మళ్ళ యెస్‌ల చేరి 'గోయింగ్ ఫర్ ది వన్' అక్కడ్నే చేసిండు. అందుకే రికార్డు మొదటి వైపు, అంటే సైడ్ 1ల, యెస్ బృందపు స్క్వయర్, వైట్ ఇద్దరూ ఉన్నరు. 'సిక్స్ వైవ్స్'ల ఒక్కో ట్రాక్‌కు ఒక్కో జట్టు. ఇక్కడ మొదటి మూడు ట్రాకులకూ ఒకటే బేస్, ఒకటే డ్రమ్స్. ఆ బిగువు వినపడ్తది. గిటారు అసలే లేదు కాబట్టి కీబోర్డుకు, బేస్‌కు నడుమ జాగా ఖాళీగ ఉంటది. ఆ జాగాల స్క్వయర్ బేస్ పైకొచ్చి పాడినట్టే వాయిస్తడు.

ముందు 'స్టాచ్యూ ఆఫ్ జస్టిస్' వినాలె. పియానోతోని మొదలైన స్వరవాక్యాన్ని ఆర్గన్, మూగ్ ఒకదాని చేతుల్లంచి ఒకటి గుంజుకుంటయి. తర్వాత నేరుగ చివరి ట్రాక్ 'జూడస్ ఇస్కారియట్'. 12 నిమిషాలు దాటుతది. వెవే ఊరిల సెయింట్ మార్టిన్ చర్చి ఆర్గన్, దాని వెంబడి బృందగానం. వేక్‌మన్ చేసినవాటిలో ఇంత గంభీరమైన ఇంకో 12 నిమిషాలు నాకు కనబడలే.

లోపం ఒప్పుకుంట: 'ది బ్రెథలైజర్'. తాగి బండి నడిపినాయన మీద నవ్వులాట పాట, అదీ 'జూడస్'కు ముంగట. మనసు కుదుటపడాల్సిన చోట చెదిరిపోతది. వినేటప్పుడు ఆ ఒక్కటి దాటేసుడే. నష్టం లేదు.

#4 — కథకుడి_గొంతు

'జర్నీ'ని ఎవరైనా చార్టుల కోసమే పట్టికలో పెడితే నేను ఒప్పుకోను. దాని నిర్మాణం కోసం పెట్టాలి.

1974 జనవరి 18న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో ఒకే రోజు రెండు కచేరీలు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, ఇంగ్లిష్ చాంబర్ కాయిర్, నడిపించింది డేవిడ్ మీషమ్, కథ చెప్పింది నటుడు డేవిడ్ హెమ్మింగ్స్. ముందుండి పాడింది ఆష్లీ హోల్ట్, గ్యారీ పిక్‌ఫర్డ్-హాప్‌కిన్స్. రాక్ బృందం, సింఫనీ, గాయకబృందం ఒకే వేదిక మీద వాయించగా రికార్డు చేసినది.

జూల్ వెర్న్ నవల (1864) తెలిసిన కథే. పాత రాతప్రతిలోని రహస్య లిపి, ఐస్‌లాండ్ అగ్నిపర్వతం నోట్లోంచి దిగడం, భూగర్భ సముద్రం, బ్రహ్మాండమైన జంతువుల పోరు, చివరికి ఇటలీలోని స్ట్రాంబోలి అగ్నిపర్వతంలోంచి బయటపడటం.

హరికథ వినే అలవాటున్నవారికి ఈ ఆల్బం నడక వెంటనే అందుతుంది. వచనం కథను ముందుకు జరుపుతుంది, పాట ఒక ఘట్టం దగ్గర ఆగి అందులోని భావాన్ని విస్తరిస్తుంది, వాద్యం ఆ భావాన్ని మోసుకుని తర్వాతి వచనానికి అప్పగిస్తుంది. పాశ్చాత్య రాక్ శ్రోతల్లో చాలామందికి మధ్యలో మాటలు రావడం అడ్డుగా అనిపిస్తుంది. మనకు అలా అనిపించనక్కర్లేదు. వచనాన్ని సంగీతంలో భాగంగా వినండి. హెమ్మింగ్స్ ఎక్కడ ఆగుతాడో, ఆ ఆగడం మీదికి తీగవాద్యాలు ఎలా వచ్చి చేరతాయో గమనించండి.

దీన్ని ముక్కలుగా వినకూడదు. సైడ్ 1 సుమారు 21 నిమిషాలు, సైడ్ 2 సుమారు 19. కొత్తవాళ్ళయితే సైడ్ 2తో మొదలుపెట్టండి, జంతువుల యుద్ధం అక్కడే ఉంది. చివర్లో గ్రీగ్ రాసిన 'ఇన్ ది హాల్ ఆఫ్ ది మౌంటెన్ కింగ్' స్వరాలు వచ్చి కలిసే చోటు చూడండి. అగ్నిపర్వతం వాళ్ళను పైకి విసిరే ఘట్టానికి అంతకంటే తగిన అరువు ఉండదు.

#5 — మూడు_ఆసిలేటర్లు

> రాక్ బృందం, సింఫనీ, గాయకబృందం ఒకే వేదిక మీద వాయించగా రికార్డు చేసినది

కథకుడి గొంతు గారూ, మీరు గొప్పగా చెప్పిన ఆ సంగతే దాని బలహీనత కూడా. ఒకే వేదిక మీద డ్రమ్సూ వయొలిన్లూ ఉంటే, డ్రమ్స్ శబ్దం వయొలిన్ల మైకుల్లోకి పాకుతుంది. మిక్సింగ్‌లో వయొలిన్లు పెంచితే డ్రమ్స్ కూడా పెరిగి, పైగా దూరం నుంచి మోగినట్టు మసకబారతాయి. అందుకని తీగవాద్యాలను ఒక హద్దు దాటి పెంచడం కుదరదు. ఈ ఆల్బంలో ఆర్కెస్ట్రా చాలా చోట్ల సన్నగా, బృందం వెనక దాక్కున్నట్టు ఉండేది అందుకే. స్పీకర్లలో వింటే హాలు గాలి కూడా కలిసి బాగుంటుంది. ఇయర్‌ఫోన్లలో వింటే ఆ పాకుడు స్పష్టంగా పట్టుబడుతుంది.

పాటల శ్రుతి కూడా ఒకటి రెండు చోట్ల నిలకడగా లేదు. అయినా ఐదింట్లో ఉండాల్సిందే అంటాను. మూడో స్థానంలో.

#6 — తానపురా

అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆన్‌లైన్ సేవల్లో 'జర్నీ' పేరుతో చాలా కనిపిస్తున్నాయి. 1974దా, 2012దా? ఏది వినమని చెప్పాలి?

#7 — రికార్డుపెట్టె

నిడివి చూస్తే చాలు, అట్ట బొమ్మ అక్కర్లేదు.

1974 అసలుది: రెండే పొడవైన ట్రాకులు, కలిపితే 40 నిమిషాలు. కొన్ని ఎడిషన్లలో వాటిని నాలుగుగా కోసి పెడతారు, అయినా మొత్తం సుమారు 40 నిమిషాలే. 2012 స్టూడియో రికార్డింగ్: చిన్న చిన్న ట్రాకులు ఎక్కువ, మొత్తం 50 నిమిషాలు దాటుతుంది. ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ఒక్కో వైపుకు 20 నిమిషాల చిల్లరే సౌకర్యంగా పడుతుంది కనుక 1974లో కథలో కొంత కోసేశారు. పోయాయనుకున్న స్వరలిపులు చాలా ఏళ్ళకు దొరికాక, కోసిన భాగాలు చేర్చి 2012లో మళ్ళీ రికార్డు చేశారు. 'రిటర్న్ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్' (1999) పూర్తిగా వేరే రచన. అందులో కథకుడు ప్యాట్రిక్ స్టూవర్ట్, ఒక పాట ఆజీ ఆజ్‌బర్న్‌ది. పేరు చూసి మోసపోకండి.

'సిక్స్ వైవ్స్'లో కూడా ఇదే చిక్కు. ఆరు ట్రాకులు, 37 నిమిషాల లోపు ఉంటే అసలుది. 'డిఫెండర్ ఆఫ్ ది ఫెయిత్' అనే ట్రాక్ కనిపిస్తే అది 2009లో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో జరిగిన కచేరీ. హెన్రీ పట్టాభిషేకానికి 500 ఏళ్ళయిన సందర్భం అది.

'కింగ్ ఆర్థర్'ది కూడా అంతే. ఏడు ట్రాకులుంటే 1975ది, రెండు డిస్కులుంటే 2016లో పెంచి చేసినది.

ఎల్పీ కొనేవాళ్ళకు మరో మాట. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు జరుగుతుంది, లోపలి కొసకు వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగానికి తక్కువ పొడవులో ఇరికించాలి. అందుకే వైపు చివర బిగ్గరైన సంగీతం ఉంటే జీర వస్తుంది. గోల్కొండ గ్రూవ్ గారు మెచ్చుకున్న 'జూడస్ ఇస్కారియట్' సరిగ్గా ఆ చోటే ఉంది: సైడ్ 2 చివర, ఆర్గన్ పూర్తి బలంతో, పైన బృందగానం. పాత ఎల్పీ కొనేముందు మొదటి ట్రాక్ కాదు, ఈ ట్రాక్ ఆఖరి రెండు నిమిషాలు వినిపించమని అడగండి. అక్కడ బృందగానం చీలినట్టు ఉంటే గాడి అరిగిపోయింది, ఎంత కడిగినా బాగుపడదు. గరగర మాత్రమే ఉంటే దుమ్ము, కడిగితే పోతుంది.

#8 — గోల్కొండ_గ్రూవ్

మంచి మాట చెప్పిన్రు. దీనికి ఇంకోటి కలుపుత. పదహారడుగుల పైపున్న ఆర్గన్‌ల అన్నిటికంటే కింది స్వరం దగ్గర దగ్గర 33 హెర్ట్జ్. చేతిల పట్టే బ్లూటూత్ స్పీకర్‌ల అది అసలు రాదు. 'జూడస్', 'జేన్ సీమోర్' రెండూ గసొంటి స్పీకర్ల వింటే పైస్వరాలే వినపడ్తయి, పునాది లేని గోడ లెక్క ఉంటది. ఇయర్‌ఫోన్లయినా సరే, చెవికి బిగువుగ కూసోవాలె. సందు ఉంటే కింది స్వరాలన్నీ బయటికే పోతయి.

#9 — కథకుడి_గొంతు

2012 రికార్డింగు శబ్దం శుభ్రంగా ఉంది, కథ నిండుగా ఉంది. కానీ ముందు వినాల్సింది 1974దే. స్టూడియోలో ఒక్కొక్కరిని వేరుగా రికార్డు చేస్తే అందరూ ఒకేసారి ఊపిరి పీల్చే క్షణం రాదు. సైడ్ 2లో యుద్ధం మొదలయ్యే చోట రెండూ పక్కపక్కన పెట్టి వినండి. 1974లో గాయకబృందం వెంట్రుకవాసి తొందరపడుతుంది. ఆ తొందరలోనే ప్రాణం ఉంది.

#10 — రికార్డుపెట్టె

పక్కపక్కన పెట్టి వినేవాళ్ళు శబ్దస్థాయి సరిచూసుకోకపోతే పోలికే తప్పు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే 'బాగుంది' అంటుంది. కొత్త రికార్డింగులు ఎక్కువ స్థాయిలో ఉంటాయి కనుక ఎప్పుడూ అవే గెలుస్తాయి.

చెయ్యాల్సింది: రెంటిలోనూ ఒకే 30 సెకన్ల భాగం ఎంచుకోండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి, కూర్చునే చోట తల ఎత్తున ఫోన్ కదలకుండా నిలబెట్టండి. సగటు అంకె చూసి, బిగ్గరదాన్ని తగ్గించండి. తేడా అర డెసిబెల్ లోపుకు రావాలి. ఫోన్ చూపే అంకె కచ్చితం కాకపోయినా ఇబ్బంది లేదు, రెంటినీ అదే ఫోన్‌తో కొలుస్తున్నారు కదా. ఆన్‌లైన్ సేవ తనంతట తాను స్థాయి సర్దే అమరిక ఉంటే ముందు దాన్ని ఆపండి.

క్వాడ్రఫోనిక్ (ముందు రెండు, వెనక రెండు స్పీకర్లతో వినే) ఎల్పీల గురించి కూడా. అమెరికాలో ఏ అండ్ ఎం రికార్డు కంపెనీ ఈ మూడింటినీ (రాణులు, భూగర్భం, ఆర్థర్) నాలుగు చానళ్ళ సీడీ-4 పద్ధతిలో వేసింది. అందులో వెనక చానళ్ళ సమాచారం 30 కిలోహెర్ట్జ్ వాహకతరంగం మీద గాడిలోనే ఉంటుంది. దాన్ని చదవడానికి షిబాటా కోత (సన్నటి అంచున్న) ముల్లు, ఆ సంకేతాన్ని విడదీసే ప్రత్యేక డీకోడర్ కావాలి. మామూలు గుండ్రటి ముల్లుతో చాలాసార్లు వాయించిన ప్రతిలో ఆ సన్నని అలలు అరిగిపోయి ఉంటాయి. డీకోడర్ పెడితే వెనక నుంచి ఇసుక రాలినట్టు శబ్దం తప్ప ఏమీ రాదు. పాత ప్రతికి ఎక్కువ ధర పెట్టేముందు ఇది ఆలోచించండి.

#11 — నల్లమెట్టు_తెల్లమెట్టు

ఇంతవరకూ ఎవరూ పియానో ఊసెత్తలేదు. వేక్‌మన్ పేరు తెలియనివాళ్ళకు కూడా ఆయన పియానో తెలుసు. డేవిడ్ బోవీ 'లైఫ్ ఆన్ మార్స్?', క్యాట్ స్టీవెన్స్ 'మార్నింగ్ హ్యాజ్ బ్రోకెన్', రెండూ 1971వి, రెండింటిలోనూ పియానో ఆయనదే.

'పియానో పోర్ట్రెయిట్స్' (2017) ఆ రెండు పాటలనూ ఒంటి పియానో మీదికి తెచ్చింది, ఇంగ్లండ్ పట్టికలో 6వ స్థానం దాకా వెళ్ళింది. 'కంట్రీ ఎయిర్స్' (1986) అంతకంటే నెమ్మది. సింథసైజర్ల హోరుకు అలవాటు పడనివారికి, ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని వినాలనుకునేవారికి ముందు ఇవి ఇవ్వండి.

లోపం: పోర్ట్రెయిట్స్‌లో ప్రతి పాటకూ ఎడమచెయ్యి అదే తరహాలో పాకుతూ ఉంటుంది. వరసగా 15 వింటే చెవికి మొద్దుబారినట్టు ఉంటుంది. ఒక విడతకు నాలుగు చాలు.

#12 — మూడు_ఆసిలేటర్లు

పియానో ఆల్బంలు మంచివే, అయితే ప్రోగ్ (పొడవైన రచనలుండే ప్రోగ్రెసివ్ రాక్) కీబోర్డు వాద్యకారుడి పట్టికలో అవి పక్క వరసలో ఉండాలి. నాకు అసలు పేచీ 'వైట్ రాక్'తో. 1976 ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్ డాక్యుమెంటరీకి చేసిన సంగీతం అది. 'ఆఫ్టర్ ది బాల్' పియానో చక్కనిది, 'ఐస్ రన్' ఊపుగా ఉంటుంది. మిగతాది తెర మీద బొమ్మ లేకపోతే సగమే. దాని బదులు 'ది రెడ్ ప్లానెట్' (2020) పెట్టండి. మళ్ళీ మాటల్లేని ఆల్బం, నలుగురు మనుషులు, ఎనిమిది ట్రాకులు, అన్నిటికీ అంగారక గ్రహం మీది చోట్ల పేర్లు. 'ఆస్క్రేయస్ మాన్స్' చర్చి ఆర్గన్ ధ్వనితో తెరుచుకుంటుంది, ముందు అది వినండి. లోపం ఏంటంటే, ధ్వనులన్నీ నున్నగా ఉంటాయి. టేపు వణుకు, మోటారు దిగుబాటు లాంటి గరుకుతనం ఇప్పటి వాద్యాల్లో ఉండదు.

టేపు మాట వచ్చింది కనుక, 'క్రిమినల్ రికార్డ్'లో బైరోట్రాన్ అనే అరుదైన వాద్యం ఉంది. డేవిడ్ బైరో తయారీ, డబ్బు పెట్టినవాళ్ళలో వేక్‌మన్ ఒకరు. మెలొట్రాన్ 8 సెకన్ల హద్దు దాటడానికి ఎనిమిది ట్రాకుల టేపు చుట్టలు వాడారు, అవి ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. దానివల్ల స్వరం ఎంతసేపైనా నిలుస్తుంది. కానీ ఒక మూల్యం ఉంది. మెలొట్రాన్‌లో మెట్టు నొక్కగానే టేపు మొదటినుంచి కదులుతుంది కనుక కమాను తీగను తాకిన ఆ మొదటి రాపిడి వినిపిస్తుంది. తిరుగుతున్న చుట్టకు మొదలనేది లేదు కనుక ఆ రాపిడి రాదు, స్వరం మెల్లగా లేచేలా విద్యుత్ పద్ధతిలో సర్దాలి. ఆ ఆల్బంలో బృందగానం లాంటి ధ్వని ఎక్కడో పొగమంచులోంచి వచ్చినట్టు లేచే చోట్ల మీ చెవి నిలపండి.

#13 — కథకుడి_గొంతు

'కింగ్ ఆర్థర్' స్థానం ఇంకా తేలలేదు. 1974 జూలైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ కచేరీ తర్వాత వేక్‌మన్ గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉండగా మొదలుపెట్టిన రచన. తర్వాతి ఏడాది మే నెలాఖరులో వెంబ్లీలో మంచు మీద స్కేటర్లతో ప్రదర్శించారు. డబ్బు బాగా పోయింది, పత్రికలు ఆ మంచునే పట్టుకున్నాయి, సంగీతం పక్కకు పోయింది.

నిజానికి ఆర్కెస్ట్రా రచనగా 'జర్నీ' కంటే ఇదే మెరుగు. స్టూడియోలో చేసింది కనుక #5లో చెప్పిన పాకుడు సమస్య లేదు. కొమ్ముబూరల వరసలు విడిగా నిలుస్తాయి. మొదటి ట్రాక్ 'ఆర్థర్' స్వరాలను 1979 నుంచి బీబీసీ ఎన్నికల ఫలితాల కార్యక్రమానికి వాడుకుంది. ముందు వినాల్సింది 'మెర్లిన్ ది మెజీషియన్'. పాటలేదు, మూగ్ చేసే గారడీ, నడుమ హఠాత్తుగా పాత సారాకొట్టు పియానో తరహా. లోపం 'సర్ లాన్సలాట్ అండ్ ది బ్లాక్ నైట్'లో ఉంది. గాయకబృందం అరిచే పదాలు పసిపిల్లల పాఠంలా ఉంటాయి.

#14 — గోల్కొండ_గ్రూవ్

'ఆర్థర్' మంచిదే. కానీ 'నో ఎర్త్‌లీ కనెక్షన్' (1976)ను ఎవ్వరూ తల్చుకోకపోతే అన్యాయం. ఆర్కెస్ట్రా లేదు, మంచు లేదు. ఫ్రాన్స్‌ల షాతో దెరూవిల్ స్టూడియోల చిన్న బృందంతోని చేసిండు, ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్ తోడు. 'మ్యూజిక్ రీఇన్‌కార్నేట్' అని ఐదు భాగాల రచన ఉంటది. ఆష్లీ హోల్ట్ గొంతు 'జర్నీ'ల నచ్చనోళ్ళు ఇక్కడ విని చూడుండ్రి. ఆర్కెస్ట్రాతో పోటీపడి అరిచే పని లేదు కాబట్టి నిమ్మళంగ పాడిండు. లోపం మాటలల్లనే: సంగీతం ఆత్మల వుంటదన్న తత్వాన్ని సాగదీసి సాగదీసి చెప్తడు.

#15 — రికార్డుపెట్టె

ఆ ఎల్పీ కొనేవాళ్ళు అట్ట లోపల అద్దంలా మెరిసే పల్చటి రేకు ఉందో లేదో చూడండి. అట్ట మీది బొమ్మ కావాలనే సాగదీసి వంకరగా గీశారు. ఆ రేకును గొట్టంలా చుట్టి బొమ్మ మధ్యలో నిలబెడితే, రేకులో ప్రతిబింబం సరైన ఆకారంలో కనిపిస్తుంది. పాత ప్రతుల్లో పోయేది ముందు అదే. రేకు లేని ప్రతికి ఉన్నదాని ధర ఇవ్వకండి.

#16 — నల్లమెట్టు_తెల్లమెట్టు

ఒకే మనిషి దగ్గర ఆగిపోకుండా వేరే కీబోర్డు వాద్యకారులను, ప్యాట్రిక్ మోరాజ్ 'ది స్టోరీ ఆఫ్ ఐ' (1976), టోనీ బ్యాంక్స్ 'ఎ క్యూరియస్ ఫీలింగ్' (1979), జాన్ లార్డ్ 'సారబాండ్' (1976) కూడా పోల్చవచ్చు కదా? మోరాజ్ ఆల్బంలో బ్రెజిల్ తాళవాద్యాలు వేక్‌మన్ ఎప్పుడూ ముట్టని దారి.

#17 — వేదిక_నిర్వాహకులు

ఆ మూడింటికీ విడిగా చర్చ తెరిచాం, అక్కడ కొనసాగించండి. ఇక్కడ వేక్‌మన్ వరకే.

#18 — తానపురా

అందరి మాటా చూసి ముసాయిదా మార్చాను. 1. 'సిక్స్ వైవ్స్', 2. 'క్రిమినల్ రికార్డ్', 3. 'జర్నీ' (1974, 40 నిమిషాలది), 4. 'కింగ్ ఆర్థర్' (1975, ఏడు ట్రాకులది), 5. 'నో ఎర్త్‌లీ కనెక్షన్'. 'వైట్ రాక్' తీసేశాను. 'రెడ్ ప్లానెట్', 'పియానో పోర్ట్రెయిట్స్' పక్క వరసలో.

చివరి సందేహం: 'సిక్స్ వైవ్స్'లో రాణుల వరస చరిత్ర ప్రకారం లేదు. ఆల్బంలో ఆరగాన్, క్లీవ్స్, హోవర్డ్, సీమోర్, బొలీన్, పార్. చరిత్రలో ఆరగాన్, బొలీన్, సీమోర్, క్లీవ్స్, హోవర్డ్, పార్. మొదటిసారి వినేవాళ్ళకు ఏ వరస చెప్పాలి?

#19 — గోల్కొండ_గ్రూవ్

2వ స్థానం ఇచ్చిన్రు, సంతోషం. నా పట్టికల మాత్రం 1 అదే ఉంటది.

#20 — మూడు_ఆసిలేటర్లు

మొదటిసారి ఆల్బం వరసలోనే వినాలి తానపురా గారూ. ఒక్కో వైపు ఎలా మొదలై ఎలా ముగియాలో చూసి పెట్టిన వరస అది. 'జేన్ సీమోర్' ఆర్గన్‌తో సైడ్ 2 తెరుచుకోవడం కావాలని చేసినదే అనిపిస్తుంది.

రెండోసారి మాత్రం చరిత్ర వరసలో పెట్టుకుని చూడండి. 'ఆన్ బొలీన్' చివర 'ది డే దౌ గేవెస్ట్' అనే సాయంకాల ప్రార్థన గీతం స్వరాలు వస్తాయి, పగలు ముగిసిందని. బొలీన్‌ను 1536 మే 19న చంపారు, మే 30న హెన్రీ జేన్ సీమోర్‌ను పెళ్ళాడాడు. పదకొండు రోజులు. ఆ వరసలో ప్రార్థన గీతం సద్దుమణిగీ మణగకముందే చర్చి ఆర్గన్ మోగుతుంది. రెండు ట్రాకుల నడుమ ఖాళీ సెకన్లు కలిపే అమరిక ఉంటే ఆపేసి వినండి.